పొరపై పొరగా పెరిగిన స్ఫటికములు

ఒకే తాళపత్రప్రతిలో ఇద్దరు ముగ్గురు లేఖకుల చేతివ్రాతలు కానవచ్చినప్పుడు, ఏది ముందుది, ఏది వెనుకటిది అని నిర్ణయించుట పాఠపరిష్కర్త ప్రథమకర్తవ్యము. ఖనిజశాస్త్రజ్ఞుని యెదుటకు కూడ ఇట్టి సమస్యయే తరచుగా వచ్చును. పర్వతగర్భమునందలి ఒక గుల్లలో పెరిగిన స్ఫటికము ఒక్కమారుగా పుట్టి ముగిసినది కాకపోవచ్చును. కొంత పెరిగి, ఆగి, మరల వేరొక ద్రవము వచ్చినపుడు పెరిగి, నడుమ కొంత కరగి, తిరిగి మరియొక ఖనిజముచే కప్పబడి యుండవచ్చును. ఇట్టి బహుదశా స్ఫటికములను ప్రపంచమందంతటను సంగ్రహకర్తలు మిక్కిలి ఆదరముతో కూర్చుకొనుచున్నారు. వాని అందమే వారిని ఆకర్షించుచున్నను, వాని నిజమైన విలువ అవి తమలో నిలుపుకొనిన కాలక్రమమునందు కలదు. ఆ క్రమమును చదువు విధానమును, అది ఏయే కారణములచే చెడిపోవుచున్నదను విషయమును, దీనిని గూర్చి భారతీయభాషలలో వ్రాయునప్పుడు కలుగు పదసమస్యను ఈ వ్యాసము వివరించును.

స్ఫటిక శబ్దము

సంస్కృతమున స్ఫటిక శబ్దము మొదట ఒక వస్తువునకే పేరు. నిర్మలముగా, పారదర్శకముగా ఉండు పలుగురాయినే అది బోధించినది. కాలక్రమమున, ఆధునిక శాస్త్రగ్రంథములు వెలువడిన పిమ్మట, నియతమైన అంతర్నిర్మాణము గల ఏ ఘనపదార్థమునకైనను అదియే జాతివాచకమైనది. గ్రీకుభాషలోని క్రుస్టల్లోస్ అను పదము కూడ ఇదే మార్గమున నడచినది. అది మొదట మంచుగడ్డకు పేరు, తరువాత పలుగురాయికి, ఆ పిమ్మట ఐరోపీయ భాషలలో స్ఫటికజాతి కంతటికిని పేరైనది. రెండు వేర్వేరు భాషాసంప్రదాయములలో ఒకే వస్తువు జాతికి ప్రతినిధిగా నిలుచుట గమనింపదగిన అర్థపరిణామము.

తెలుగున ఈ శబ్దమునకు మరియొక సంతానము కలదు. పటిక అను మాట స్ఫటిక శబ్దభవమే. బట్టల అద్దకమునందును, నీటిని తేర్చుటయందును వాడబడు పటికయు, పటికబెల్లమును ఇంటింట నెరిగిన స్ఫటికములు. పటికబెల్లపు పలుకులు దారము చుట్టును పేరుకొనుట చూచినవారికి, స్ఫటికము వెలుపలినుండి పొరలు పొరలుగా పెరుగునను సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఈ విషయమును శాస్త్రరీత్యా మొదట స్థాపించినవాడు డెన్మార్కు దేశీయుడగు నికొలాస్ స్టెనో. 1669లో ప్రకటించిన గ్రంథమున అతడు స్ఫటికములు మొక్కలవలె లోపలినుండి ఆహారము గ్రహించి పెరుగునవి కావనియు, ద్రవమునుండి వచ్చిన పదార్థము వాని ముఖములపై చేరుటచేతనే పెరుగుననియు చెప్పినాడు. దీనినుండి వెలువడు ఫలితమొక్కటి కలదు: స్ఫటికమునందు కేంద్రభాగము ప్రాచీనతమము, బాహ్యభాగము నవీనతమము. బహుదశా స్ఫటికముల పఠనమంతయు ఈ సూత్రముపై ఆధారపడినది.

ఈ సూత్రమును పటికతోనే పరీక్షించి చూడవచ్చును. క్రోమియము కలిసిన పటిక ఊదారంగు గలది. సామాన్యమైన పటిక వర్ణరహితము. ఈ రెంటి అంతర్నిర్మాణము ఒకే విధమైనది. ఊదారంగు స్ఫటికము నొకదానిని దారమునకు కట్టి, వర్ణరహితమైన పటిక బాగుగ కరగిన నీటిలో వ్రేలాడదీసినచో, లోపలి స్ఫటికముయొక్క ఆకారము చెడకయే దానిచుట్టును తెల్లని పారదర్శకమైన తొడుగు పెరుగును. లోపల నున్నది మొదటి దశ. వెలుపలిది రెండవ దశ. ప్రకృతియందు కోట్ల సంవత్సరములలో జరుగునది ఇక్కడ కొలది దినములలో గాజుపాత్రయందు జరుగుచున్నది.

దోషము, సాక్ష్యము

భారతదేశమున స్ఫటికములను శ్రద్ధతో పరిశీలించిన ప్రాచీనశాస్త్రము రత్నపరీక్ష. వరాహమిహిరుని బృహత్సంహితయందును, బుద్ధభట్టుని రత్నపరీక్షయందును రత్నముల గుణదోషములు వివరింపబడినవి. వజ్రమునకు చెప్పబడు దోషములలో మలము, బిందువు, యవము, రేఖ, కాకపదము అనునవి ప్రసిద్ధములు. ఇవన్నియు రత్నగర్భమునందు కంటికి కనబడు మచ్చలు, గీతలు, పగుళ్లు. రత్నపరీక్షకుని లక్ష్యము మూల్యనిర్ణయము గనుక ఇవి అతనికి దోషములే.

ఖనిజశాస్త్రజ్ఞునకు ఆ బిందువు ఒక ద్రవకణము కావచ్చును. ఆ రేఖ పెరుగుదల ఆగిన తావు కావచ్చును. ఆ మలము రెండు దశల నడుమ స్ఫటికముపై వ్రాలిన ధూళి కావచ్చును. అందువలన ఒకని దోషము మరియొకనికి సాక్ష్యమగుచున్నది. ఈ దృష్టిభేదమున్నను, ప్రాచీనుల పరిశీలన సూక్ష్మమైనదని అంగీకరింపవలెను. వారు చూచి పేరు పెట్టిన లక్షణములే నేడు సూక్ష్మదర్శినిక్రింద పరీక్షింపబడుచున్నవి.

దశలను తెలుపు లక్షణములు

పెరుగుదల అనేకదశలలో జరిగినదని తెలుపు లక్షణములలో ముఖ్యమైనవి అయిదు.

మొదటిది ఛాయాస్ఫటికము. ఇంగ్లీషువారు దీనిని ఫాంటమ్ అందురు. పారదర్శకమైన పలుగు స్ఫటికములోపల అదే ఆకృతి గల చిన్న స్ఫటికపు నీడవంటి రేఖ కనబడును. మొదటి దశ ముగిసి పెరుగుదల ఆగినపుడు ముఖములపై ఆకుపచ్చని క్లోరైటుగాని, ఎర్రని హీమటైటుగాని సన్నని ధూళిగా పడును. తరువాత మరల సిలికా గల ద్రవము ప్రవేశించినపుడు ఆ ధూళిని లోపల నుంచుకొనియే స్ఫటికము పెరుగును. ఒక్కొక్క నమూనాలో ఇట్టి నీడలు ఒకదానిలో నొకటిగా పెక్కు కలవు. ధూళి ఒక ముఖమునందే దట్టముగా ఉన్నచో, స్ఫటికము గుల్లలో ఏ దిశగా నిలిచి యుండెనో కూడ ఊహింప వీలగును. పైనుండి వ్రాలు ధూళి పైముఖములపైననే నిలుచును గదా.

రెండవది రాజదండ స్ఫటికము. సన్నని పలుగు స్తంభము చివర దానికంటె వెడల్పైన రెండవ స్ఫటికము కిరీటమువలె పెరిగి యుండును. మొదటి స్ఫటికపు ప్రక్కముఖములు ఏదో కారణమున పెరుగుదలకు అనుకూలముగా లేక, కొన మాత్రమే అనుకూలమైనపుడు ఈ రూపమేర్పడును. క్రింది స్తంభము వర్ణరహితముగా ఉండి, పై కిరీటము ఊదారంగు అమెథిస్టుగా నుండు నమూనాలను సంగ్రహకర్తలు విశేషముగా కోరుదురు. వర్ణభేదము రెండవ ద్రవముయొక్క రసాయనస్థితి భిన్నమైనదని సూచించును.

మూడవది ఒక ఖనిజముపై మరియొక ఖనిజము నియతమైన దిశలో పెరుగుట. అడుగుననున్న స్ఫటికముయొక్క పరమాణువుల అమరిక పై స్ఫటికమునకు మార్గము చూపును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ రాయే 1928లో దీనికి ఎపిటాక్సీ అని పేరు పెట్టినాడు. దిశానియమము లేక ఒకదానిపై నొకటి పెరుగుట ఇంతకంటె సామాన్యము.

నాలుగవది మిథ్యారూపము. ఒక ఖనిజము కరగిపోగా దాని స్థానమును, ఆకారమును వేరొక ఖనిజము ఆక్రమించును. ఒక్కొక్కప్పుడు మొదటి ఖనిజము పూర్తిగా నశించి, దానిచుట్టు పెరిగిన పెంకు మాత్రము నిలుచును. అప్పుడు శూన్యమైన అచ్చే సాక్ష్యము. గ్రంథము నశించినను, వ్యాఖ్యానమునందలి ఉదాహరణములవలన దాని ఉనికి తెలియుట వంటిది ఇది.

అయిదవది ద్రవీభవన చిహ్నము. పెరిగిన ముఖములు చదునుగా, అంచులు వాడిగా నుండగా, కరగిన ముఖములు గుండ్రబడి, గుంటలు పడి యుండును. పెరుగుదల నడుమ కరగుట జరిగినదని ఇట్టి చిహ్నములు తెలుపును.

పఠన నియమములు

పై లక్షణములను చదువునప్పుడు కొన్ని నియమములు పాటింపవలెను. ఒక స్ఫటికము మరియొకదానిపై నాని, దాని ముఖమును చెరుపక పెరిగినచో పైది తరువాతిది. ఒకదాని ముఖముద్ర రెండవదానిపై బడినచో ముద్ర పడినది తరువాతిది. రెండును ఒకదానిలో నొకటి చొచ్చుకొని పెరిగినచో అవి సమకాలికములు కావచ్చును.

దిశావిషయమున ఒక జాగ్రత్త అవసరము. ఒక్కొక్క స్ఫటికమునందు లోపలిది ముందు, వెలుపలిది వెనుక. కాని గుల్లను నింపిన ఖనిజముల వరుసలో ఇది తలక్రిందులగును. గుల్లగోడ నానుకొని యున్నది ముందుగా చేరినది. నడుమ శూన్యమునకు దగ్గరగా నున్నది చివర వచ్చినది. ఆగేటు రాయిని కోసి చూచినచో వెలుపలి పట్టెలు ప్రాచీనములు, నడిమి పలుగు స్ఫటికములు నవీనములు. ఆ నడిమి స్ఫటికములలో నొకదానిని వేరుగ తీసి చూచినచో దాని కేంద్రము మరల ప్రాచీనము. ఈ రెండు దిశలను కలగాపులగము చేయుట క్రొత్తవారు సామాన్యముగా చేయు పొరపాటు.

మరియొక జాగ్రత్త: వర్ణభేద మంతయు దశాభేదము కాదు. స్ఫటికపు వేర్వేరు ముఖములు ఒకే సమయమున, ఒకే ద్రవమునుండి, వేర్వేరు పరిమాణములలో మాలిన్యములను గ్రహించును. అమెథిస్టునందు ఒక జాతి ముఖముల క్రింది భాగము ముదురురంగుగను, ప్రక్కనున్న ముఖముల క్రింది భాగము లేతగను ఉండుట ఇందుకు నిదర్శనము. ఇది ముఖభేదమే గాని కాలభేదము కాదు. ఇట్లే మిక్కిలి సన్నని పట్టెలు బాహ్యస్థితిలో మార్పు లేకయే, స్ఫటికముఖమునకు ఎదుట నున్న ద్రవమున పదార్థము తరుగుచు మరల చేరుచుండుటచేత కూడ ఏర్పడగలవు. ప్రతి పట్టెకును ఒక ప్రకృతిసంఘటనను కల్పించుట, ప్రతి పాఠభేదమునకును ఒక క్రొత్త కవిని కల్పించుటతో సమానము.

జంటస్ఫటికముల విషయమునను భ్రమ కలుగవచ్చును. క్రిసోబెరిల్ అను ఖనిజమున మూడు స్ఫటికములు చక్రాకారమున కలిసి, చూచుటకు ఆరుకోణముల బిళ్లవలె కనబడు యమళరూపము ప్రసిద్ధము. క్రోమియము గల క్రిసోబెరిల్‌కు అలెగ్జాండ్రైటు అని పేరు. పగటివెలుగున ఆకుపచ్చగను, దీపపు వెలుగున ఎర్రగను కనబడుట దాని లక్షణము. చత్తీస్‌గఢ్ రాష్ట్రమున, పూర్వము రాయపూర్ జిల్లాలో నుండి 2012 నుండి గరియాబంద్ జిల్లాలో చేరిన దేవభోగ్ ప్రాంతపు సేంద్‌ముడా గ్రామము ఈ రత్నమునకు పేరొందినది. అయితే యమళత్వము పెరుగుదల ఆరంభమునందే కలుగవచ్చును గనుక, మూడు స్ఫటికములు కలిసియున్నంతమాత్రమున మూడు దశలున్నవని చెప్పరాదు.

స్ఫటికమునందు చిక్కిన ద్రవకణములు కాలనిర్ణయమునకును, ఉష్ణోగ్రతా నిర్ణయమునకును సహాయపడును. ఆంగ్లేయుడగు హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1858లోనే ఈ కణములను సూక్ష్మదర్శినితో పరిశీలించి, వానియందలి చిన్న బుడగ ద్రవము చల్లబడి సంకోచించుటచే ఏర్పడినదని వివరించినాడు. నమూనాను మెల్లగా వేడిచేసినపుడు బుడగ ఏ ఉష్ణోగ్రతవద్ద అదృశ్యమగునో, స్ఫటికము పెరిగిన ఉష్ణోగ్రత కనీసము అంత యని గ్రహింపవచ్చును. వేర్వేరు పొరలలోని కణములను ఇట్లు పరీక్షించినచో, దశ దశకును ద్రవము వేడెక్కినదో చల్లబడినదో తెలియును. కాని ఇక్కడ కూడ ప్రక్షిప్తములు కలవు. స్ఫటికము పెరిగిన తరువాత పగిలి, ఆ పగులు మాని, అందులో క్రొత్తద్రవము చిక్కియుండవచ్చును. అట్టి కణము లోపలిభాగమున నున్నను కాలమున వెనుకటిది. పగులు వరుసను గుర్తింపక దానిని మొదటి దశకు చేర్చినచో నిర్ణయము తలక్రిందులగును.

స్ఫటికము పెరుగుటకు కావలసిన మెట్లు ఎట్లు నిరంతరముగ దొరకుచున్నవను ప్రశ్నకు 1949లో ఫ్రాంక్ అను భౌతికశాస్త్రజ్ఞుడు సమాధానము చెప్పినాడు. పరమాణువుల అమరికలో మరమెలికవంటి లోపమున్నచో, ఆ మెట్టు ఎన్నటికిని ముగియక చుట్టుచుండుననియు, తక్కువ సాంద్రత గల ద్రవమునందు కూడ స్ఫటికము పెరుగుటకు అదియే కారణమనియు అతడు నిరూపించినాడు. పరిపూర్ణమైన స్ఫటికముకంటె లోపముగల స్ఫటికమే సులభముగ పెరుగునని దీని తాత్పర్యము.

దక్కను బసాల్టులు

భారతదేశమున బహుదశా స్ఫటికములకు ప్రధానస్థానము దక్కను లావాభూములు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము ప్రవహించిన ఈ లావాలు నేటికిని సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి యున్నవి. మహారాష్ట్రమున అధికభాగము ఆక్రమించి, తెలంగాణమున వికారాబాదు, జహీరాబాదు, ఆదిలాబాదు ప్రాంతములవరకు వ్యాపించినవి. లావా గడ్డకట్టునపుడు వాయువులు చిక్కి ఏర్పడిన గుల్లలలో తరువాతి కాలమున నీరు ప్రవేశించి, చాల్సెడొనీ, పలుగు, కాల్సైటు, హ్యూలాండైటు, స్టిల్బైటు, అపోఫిల్లైటు మొదలగు ఖనిజములను పెంచినది.

ఈ ఖనిజములు లావాభూములయందు ప్రాంతభేదముతో మండలములుగా నున్నవని 1974లో సుఖేశ్వాలా, అవాసియా, గంగోపాధ్యాయ అను శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. 2019లో ఓటెన్స్, గోట్జే మొదలగువారు ప్రకటించిన పరిశోధన ఒక్కొక్క గుల్లలోని క్రమమునే మూడు ప్రధానదశలుగా విభజించినది. మొదటి దశ లావా చల్లబడిన పిదప బసాల్టు క్షయించుటవలన కలిగినది. ఇందు మట్టిఖనిజములు, మొదటి తరము కాల్సైటు, జియోలైటులు, చాల్సెడొనీ ఏర్పడినవి. పై లావాలచే కప్పబడి వేడెక్కిన పిమ్మట మొదటి దశ ఖనిజములు కొంత కరగి, రెండవ తరము కాల్సైటును పెద్ద జియోలైటు స్ఫటికములును పెరిగినవి. మూడవ దశలో అపోఫిల్లైటు, మరియొక తరము కాల్సైటు వచ్చినవి. అపోఫిల్లైటు వయస్సును రేడియోధార్మిక పద్ధతులచే లెక్కింపగా, అది లావా ప్రవాహమునకు మిక్కిలి వెనుకటిదని తేలినది.

పుణె సమీపమున వాఘోలి రాతిగనులలో దొరకు కావన్సైటు ఈ క్రమమునకు కంటికింపైన ఉదాహరణము. కాల్షియము, వెనేడియము, సిలికేటు అను పదముల తొలి అక్షరములతో దీని పేరు కూర్చబడినది. ముదురు నీలిరంగుతో గుండ్రని కుచ్చులుగా పెరుగు ఈ ఖనిజము తెల్లని స్టిల్బైటు, హ్యూలాండైటులపై నాని యుండును. నీలము తెలుపుపై నున్నదనుట చూపరికి సౌందర్యము. వెనేడియము గల ద్రవము జియోలైటులు పెరిగిన పిమ్మట వచ్చినదనుట పరిశోధకునకు చరిత్ర.

గరీబ్‌పేట నుండి అరికమేడు వరకు

దశల పఠనము ఖనిజశాస్త్రమునకే గాక దేశచరిత్రకును ఉపయోగించునని తెలుగునేలయందలి ఒక సందర్భము నిరూపించుచున్నది. పుదుచ్చేరి సమీపమున నున్న అరికమేడు ప్రాచీనమైన ఓడరేవు. రోమకసామ్రాజ్యముతో వాణిజ్యము సాగించిన స్థలము. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వకములు జరిపినాడు. అక్కడి పూసల పరిశ్రమలో ఎర్రని గార్నెట్టు విశేషముగా వాడబడినది. ఆ రాయి ఎక్కడినుండి వచ్చినదను ప్రశ్నకు పాత్రలుగాని, శాసనములుగాని ప్రత్యక్షముగ సమాధానము చెప్పలేదు.

పూర్వపు ఖమ్మం జిల్లాలోని గరీబ్‌పేటవద్ద ఆల్మండైన్ జాతి గార్నెట్టు విస్తారముగా దొరకును. 2017లో ష్మెట్జర్, గిల్గ్ మొదలగు పరిశోధకులు ఈ రెండు స్థలముల గార్నెట్టులను పోల్చి చూచినారు. రసాయనసంఘటనము ఒక్కటే కాక, స్ఫటికపు ఏ మండలమున ఏ ఖనిజము చిక్కియున్నదో, సన్నని సూదులవంటి సిల్లిమనైటు ఎక్కడ నున్నదో కూడ పరిశీలించి, అరికమేడు పూసలకు గరీబ్‌పేట గార్నెట్టు మూలమని వారు నిర్ణయించినారు. పూసగా అరగదీసి, బెజ్జము వేసి, మెరుగుపెట్టినను రాయిలోని పొరలు చెరగలేదు. రత్నపరీక్షకుడు మలమనియు, రేఖయనియు త్రోసివేయు లక్షణములే ఆ రాతి జన్మభూమిని తెలిపినవి. ఆనాటి వర్తకుడు పూర్తిగా నిర్మలమైన రాళ్లనే ఏరి యుండినచో ఈ నిర్ణయమునకు కావలసిన ఆధారములలో పెద్దభాగము మిగిలి యుండెడిది కాదు.

రాయపురము, మోవా పరిసరములు

రాయపురమునకు చెందిన మోవా నుండి బలోదాబజారు వైపు పోవు మార్గమున కనబడునవి లావాభూములు కావు. అక్కడ విస్తరించినవి చత్తీస్‌గఢ్ ద్రోణిలోని ప్రాచీనమైన సున్నపురాళ్లు. సుమారు వంద కోట్ల సంవత్సరములకు పూర్వపు సముద్రమునందు పేరుకొన్నవి. బలోదాబజారు ప్రాంతపు సిమెంటు కర్మాగారములకు ఆధారము ఈ రాయియే. 1931లో పూర్తియైన రాయపురము–విజయనగరము రైలుమార్గముచేత ఈ ప్రదేశము తెలుగు తీరమునకు సన్నిహితమైనది. దక్కను గుల్లలయందువలె వర్ణవైచిత్ర్యము సున్నపురాళ్లలో కానరాదు. కాని సున్నపురాతి పగుళ్లలో పేరుకొను కాల్సైటు బహుదశా వృద్ధిని దాచుకొనుటలో దేనికిని తీసిపోదు.

సామాన్యమైన వెలుగున తెల్లని ముద్దగా కనబడు కాల్సైటును పలుచగా కోసి, ఎలక్ట్రానుల ధారక్రింద ఉంచినచో అది తానే వెలుగును. మాంగనీసు గల పొరలు నారింజరంగున ప్రకాశించును. ఇనుము అధికముగ నున్న పొరలు మందగించి చీకటిగా నుండును. ఆ వెలుగు చీకట్ల వరుస ఒక్కొక్క దశలో ప్రవహించిన నీటి స్వభావమును తెలుపును. ఒకచోటి వరుసను మరియొకచోటి వరుసతో పోల్చి, రెండు స్థలముల పాఠములను కలిపి చదువుటకును వీలగును. అందువలన అందమైన స్ఫటికము లేనిచోట చరిత్ర లేదనుకొనరాదు. సిమెంటునకై పిండియగు రాతిలో కూడ ఆ వ్రాత ఉండవచ్చును.

ఈ ప్రాంతమునకు ఆగ్నేయముగ గరియాబంద్ జిల్లాలోని బెహ్రాడీహ్, పాయలీఖండ్ వద్ద వజ్రములు గల కింబర్లైటు శిలలు కలవు. ఆంధ్రదేశమున అనంతపురము జిల్లా వజ్రకరూరునందును ఇట్టి శిలలే ఉన్నవి. వజ్రము భూగర్భమున మిక్కిలి లోతున అష్టముఖరూపమున పొరలుగా పెరుగును. అది పైకి తేబడు నడుమ కొంత కరగి, అంచులు గుండ్రబడి, పన్నెండుముఖముల రూపమునకు సమీపించును. ముఖములపై చిన్న త్రికోణపు గుంటలు పడును. గుండ్రని వజ్రమును చూచి అట్లే పుట్టినదనుకొనుట సరికాదు. దాని లోపలి పొరలు అష్టముఖముగానే నిలిచి, పూర్వరూపమును సాక్ష్యమిచ్చుచుండును.

సాక్ష్యనాశము

ఇట్టి నమూనాల విషయమున నేడు గల ప్రమాదములు మూడు. మొదటిది శుభ్రపరచుట. జియోలైటులపై పెరిగిన కాల్సైటును ఆమ్లముతో కరగించి, క్రిందనున్న మెరుగైన స్ఫటికములను బయటపెట్టుట వర్తకులలో సామాన్యము. పై పొరను తొలగించుటచే నమూనా అందమైనదగును. కాని చివరి దశ చరిత్ర పోవును. కొన్ని సందర్భములలో ఆమ్లము జియోలైటులను కూడ చెరచి, ప్రకృతిలో జరుగని ద్రవీభవన చిహ్నములను కల్పించును. అవి చూచిన పరిశోధకుడు లేని దశ నొకదానిని ఊహింపవచ్చును.

రెండవది అతికించుట. విరిగిన స్ఫటికమును జిగురుతో చేర్చుట, వేర్వేరు నమూనాలను ఒకే ఆధారముపై నిలుపుట జరుగుచున్నవి. ఎవరును చెప్పక చేసిన అతుకు లేని క్రమమును సృష్టించును. మూడవది, అన్నిటికంటె ఘోరమైనది, స్థలనామము పోవుట. ఏ ఊరిలో, ఏ గనిలో, ఏ లావా పొరలో దొరకినదో తెలియని నమూనా ప్రాప్తిస్థానము తెలియని శాసనఖండము వంటిది. చదువవచ్చును గాని దేనితోను అన్వయింప వీలులేదు. గనులలో రాతిని పగులగొట్టు పనివానికి అది దొరకిన గుల్ల తెలియును. అతనినుండి కొనువానికి గని తెలియును. తరువాతివానికి జిల్లా మాత్రము తెలియును. దేశాంతరమున కొనువానికి భారతదేశమను పేరొక్కటే మిగులును. ప్రతి చేతిమార్పునను చరిత్రలో ఒక పొర రాలిపోవుచున్నది.

అందుచేత సంగ్రహకర్తగాని, విద్యాలయముగాని పాటింపదగిన నియమము స్వల్పమైనది. నమూనాతోకూడ దొరకిన స్థలము, తేదీ, గుల్లలో అది నిలిచిన దిశ వ్రాసి ఉంచవలెను. శుభ్రపరచుటకు ముందు చిత్రము తీయవలెను. ఆమ్లము వాడినచో ఆ సంగతియు, జిగురు వాడినచో ఆ సంగతియు చీటిపై చెప్పవలెను. ఒకే స్థలమునుండి వచ్చినవానిలో కొన్నింటినైనను తాకకుండ అట్లే నిలుపవలెను.

పరిభాష

ఈ విషయమును తెలుగున వ్రాయునపుడు పరిభాషాసమస్య తప్పదు. ఖనిజముల పేర్లు అంతర్జాతీయములు గనుక వానిని తెలుగులిపిలో యథాతథముగా స్వీకరించుట యుక్తము. కాల్సైటునకు, కావన్సైటునకు క్రొత్తపేర్లు కల్పించుటవలన లాభము లేదు. ప్రక్రియలను, లక్షణములను తెలుపు మాటల సంగతి వేరు. వానికి అర్థము తేటగా తెలియు దేశీయపదములు కావలెను. ఫాంటమ్ అనుదానికి భూతమను అనువాదము భ్రాంతి కలిగించును. ఛాయాస్ఫటికము అనుట వస్తువునకు సరిపోవును. మిథ్యారూపమునందు రూపమే పరకీయము గాని పదార్థము మిథ్య కాదు గనుక, పరరూపకము అను మాట మరింత సరియైనది కావచ్చును. దోషము అను ప్రాచీనపదమును చిక్కిన ఖనిజములకు వాడుట మాత్రము తగదు. అది విలువను చెప్పును గాని విషయమును చెప్పదు. అంతర్గతము అను తటస్థమైన పదము ఇక్కడ మేలు.

ఆయా భారతీయభాషలలో ఈ మాటలు సంస్కృతమూలమున ఒక్కటిగా నుండుట సాధ్యమే. అయితే పటిక, పలుగు, పొర, పట్టె వంటి ఇంటిమాటలను విడనాడనక్కరలేదు. గని పనివాడు గుల్ల యనునదానిని గ్రంథకర్తయు గుల్ల యన్నచో, దొరకిన చోటును గూర్చి అతడు చెప్పు మాట చీటిపైకి చెడకుండ ఎక్కును. నమూనాయొక్క మొదటి పాఠకుడు అతడే; అతని మాట నిలిచినప్పుడే తరువాతివారి పఠనమునకు ఆధారము నిలుచును.